జోసన్ రాజు తెనాలిలో గెలిచాడు

కోపం తగ్గాక రాయమని మా హెడ్మాస్టరు సలహా ఇచ్చాడు. ఆయన మాట వింటే నేనిది ఈ జన్మలో రాయను. నాది అంత తొందరగా దిగే కోపం కాదు. తెనాలి మీద కోపం, రేపల్లె మీద కోపం, అన్నిటికన్నా ముందు మా ఊరి మీద కోపం. అందుకే ఇంటికొచ్చిన మర్నాడే కాగితాలు ముందేసుకున్నాను. మా అనంతపురం జిల్లాలో ఆ డెల్టా వైపు వెళ్ళని వాళ్ళే ఎక్కువ. వాళ్ళకోసమే రాస్తున్నాను. ముఖ్యంగా మా ఊరివాళ్ళ కోసం.

నేను హైస్కూల్లో చరిత్ర చెబుతాను. ఒక పాత ఇంగ్లీషు పుస్తకంలో చదివిన సంగతి పట్టుకుని నాటకం రాశాను. ఇప్పుడు కొరియా అంటున్నామే, ఆ దేశానికి అప్పట్లో జోసన్ అని పేరు. మూడువందల ఏళ్ళ కిందటి మాట. చలికాలంలో గడ్డకట్టిన నదిని దాటి మంచూ సైన్యం ఆ దేశం మీద పడింది. రాజు కొండమీది కోటలో దూరి తలుపులు మూసుకున్నాడు. తిండి అయిపోయింది. గుర్రాల్ని కోసుకు తిన్నారు. ఇక జనం చచ్చిపోతారని తెలిశాక రాజు లొంగిపోయాడు. పెద్ద ద్వారం గుండా రావద్దు, పడమటి ద్వారం గుండా రా అన్నారు. రాజవస్త్రాలు వద్దు, మామూలు నీలం బట్టలు కట్టుకో అన్నారు. నది ఒడ్డున ఎత్తైన గద్దె మీద మంచూ చక్రవర్తి కూర్చుంటే, ఈయన మూడుసార్లు మోకరిల్లి, మోకరిల్లినప్పుడల్లా మూడేసిసార్లు నుదురు నేలకి ఆనించాడు. మొత్తం తొమ్మిది. కొడుకుల్ని బందీలుగా తీసుకుపోయారు. ఏటేటా కప్పం కట్టమన్నారు. అది చాలదన్నట్టు, చక్రవర్తి దయాగుణాన్ని పొగుడుతూ రాయి చెక్కించి నిలబెట్టుకోమన్నారు. కోటలో జనం మాత్రం బతికారు.

ఈ కథే ఎందుకు పట్టుకున్నావని అడగొచ్చు. మా తమ్ముడు ఓబులేసు సిపాయి. చైనా యుద్ధంలో మంచుకొండల మీద పట్టుబడ్డాడు. కొన్ని నెలలు వాళ్ళ ఖైదులో ఉండి, వాళ్ళు వదిలిపెడితే ఇంటికొచ్చాడు. మా ఊరు వాడికి పెట్టిన పేరు 'చేతులెత్తినోడు'. వీధిలో వాడు కనిపిస్తే పిల్లకాయలు రెండు చేతులూ పైకెత్తి నిలబడేవాళ్ళు. పెద్దవాళ్ళు వాళ్ళని అదిలించకపోగా పళ్ళికిలించేవాళ్ళు. వాడు గడప దాటడం మానేశాడు. మా అమ్మ ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "వాన్ని యాడికన్నా పిలుచుకుపో నాయనా, నలుగురి మొగాలు చూడనీ" అని ఏడ్చింది.

నా ఆశ ఒక్కటే. లొంగిపోయిన మనిషిని చూసి నిండు సభ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఆ సభలో మా ఓబులేసు కూర్చుని చూడాలి. తెనాలి నాటక కాంట్రాక్టరు సుబ్బారాయుడు నా నాటకాన్ని మూడు ఊళ్ళలో ఆడిస్తానని కబురు పెట్టగానే వాణ్ణి బలవంతాన రైలెక్కించాను.

తెనాలి

ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. మా వైపు బిందెడు నీళ్ళకోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటారు. ఇక్కడ ఊరి మధ్యలోంచి కాలవ పోతుంది, అందులో గేదెలు దొరల్లాగా పడుకుని ఉంటాయి. ఇంటి ముందు కళ్ళాపికి ఒకావిడ పోసిన నీళ్ళు మా ఇంట్లో రెండు రోజులు సరిపోతాయి. చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది. దేవుడు పంచడం చేతకానివాడని ఎప్పుడో అనుకున్నాను, ఇప్పుడు రుజువైంది.

స్టేషను దగ్గర మెస్సులో రూపాయికి భోజనం. ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, నెయ్యి, కత్తితో కోసి పెట్టాల్సినంత గట్టి పెరుగు. సంగటి ముద్దా ఊరిబిండి పచ్చడీ తిన్న నోరు కదా, ఆ గోంగూర కారానికి నాకేమీ కాలేదు. వడ్డించే ఆయన మాత్రం ఆశ్చర్యపోయాడు. "తట్టుకుంటున్నారే! ఏ ఊరండి మనది?" అన్నాడు.

ఆ మెస్సు పెద్దాయన గుమ్మంలోనే మమ్మల్ని ఆపాడు. "కాళ్ళు కడుక్కుని రండి బాబూ, గాబు నిండా నీళ్ళున్నాయి" అన్నాడు. నేను కడుక్కున్నాను. ఓబులేసు కదల్లేదు. వాడు మిలిటరీ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఒక జత కాన్వాసు బూట్లు వేసుకునే ఉంటున్నాడు. మా ఇంట్లో కూడా విప్పడు. మంచుకి రెండు వేళ్ళు పోయాయని అమ్మకి చెప్పాడట గాని, ఆ కాళ్ళు మాలో ఎవ్వరమూ చూడలేదు.

"నాకు వసారాలోనే పెట్టండి సామీ" అన్నాడు ఓబులేసు.

"అదేంటయ్యా! వసారాలో తినడానికి నువ్వేమన్నా పరాయివాడివా? బూట్లిప్పి లోపలికి రా" అన్నాడు పెద్దాయన. మంచిగానే అన్నాడు. అయినా వాడు బయటే నిలబడి, విస్తరి పిట్టగోడమీద పెట్టుకుని తిన్నాడు. నేను పెరుగు వదిలేసి లేచాను.

ఇక నాటకం. ఇక్కడి జనానికి పద్యం అంటే ప్రాణం. రాగం కుదిరిందంటే "వన్స్ మోర్!" అని కేక పడుతుంది. కేక పడితే పాడినవాడు మళ్ళీ పాడి తీరాలి. నా పక్క కుర్చీలో ఒక పొగాకు వ్యాపారి కూర్చున్నాడు. ఆయన నా చెవిలో గర్వంగా చెప్పాడు: "మా ఊళ్ళో చచ్చినోడు కూడా ఊరికే చావలేడండి. పద్యం బాగుంటే లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే."

జోసన్ రాజు వేషం వీరాస్వామిది. పెద్ద వయసు, పొడుగాటి మనిషి, కంచు గొంతు. మంచూ చక్రవర్తి వేషం కాంట్రాక్టరు సుబ్బారాయుడే కట్టాడు. కోట సీను బాగా వచ్చింది. ఆకలితో ఉన్న జనాన్ని చూసి రాజు పాడిన పద్యానికి మా వరసలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి ఒత్తుకున్నారు. నేను ఓరగా ఓబులేసు వంక చూశాను. వాడు ముందుకు వంగి, మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని చూస్తున్నాడు. సరే, నా పని ఫలించిందనుకున్నాను.

తర్వాత సీనులో రాజు నీలం బట్టలు కట్టుకుని నది ఒడ్డుకొచ్చాడు. మోకాళ్ళమీద కూర్చోబోయాడు. ఉన్నట్టుండి బట్టలు చించి అవతల పారేశాడు! లోపల జరీ అంగీ, నడుముకి కత్తి! "ఓరీ చీనా దురాత్మా!" అని ఒక పద్యం అందుకుని సుబ్బారాయుడి పొట్టలో పొడిచాడు. హాలు హాలంతా లేచి నిలబడింది. ఈలలు, జై కొట్టడాలు. వన్స్ మోర్! సుబ్బారాయుడు లేచి మళ్ళీ చచ్చాడు. ఇంకోసారి వన్స్ మోర్! ఇంకోసారి చచ్చాడు.

పక్కకి తిరిగి చూస్తే ఓబులేసు కుర్చీ ఖాళీ. బయట సోడాబండి దగ్గర నిలబడి ఉన్నాడు.

"గెలిచినాడు కదన్నా మీ రాజు, బాగుండాది" అన్నాడు.

నేను తెర వెనక్కి వెళ్ళి సుబ్బారాయుణ్ణి పట్టుకున్నాను. ఆయన అద్దం ముందు కూర్చుని మీసం పీక్కుంటున్నాడు.

"ఏమయ్యా, నా నాటకాన్ని ఏంచేశావు? వాడు మంచూవాడు! ఆ తర్వాత కొన్నేళ్ళకి చైనాని కూడా మింగినవాడు! చీనా దురాత్మ ఎక్కణ్ణుంచి వచ్చాడు?"

"జనానికి మంచూ తెలీదండి, చైనా తెలుసు" అన్నాడు నింపాదిగా.

"రాజు గెలవలేదయ్యా! ఓడిపోయాడు!"

"కోప్పడకండి సార్, కూర్చోండి. మొన్ననే కదండీ మనం నిజంగా ఓడిపోయాం. అది ఊరికే వచ్చింది. మళ్ళీ టిక్కెట్టు కొనుక్కుని మరీ ఓడిపోతారా చెప్పండి?"

చెంప పగలగొట్టాలనిపించింది. రాసినట్టు ఆడకపోతే నాటకం వెనక్కి తీసుకుపోతానన్నాను. మిగతా రెండు ఊళ్ళకీ అచ్చారం డబ్బులు ముందే తీసుకుని ఉన్నాడు గనక దిగొచ్చాడు. "సరే, రేపల్లెలో మీరు రాసినట్టే ఆడతాం. జనం రాళ్ళేస్తే మీరే ముందు నిలబడాలి మరి" అన్నాడు.

వేమూరు మీదుగా

తెనాలి నుంచి రేపల్లెకి చిన్న రైలుమార్గం ఉంది. బండికి తొందర లేదు, ఎక్కేవాళ్ళకీ లేదు. వేమూరులో ఒకాయన గడ్డిమోపు బండి పక్కన ఆనించి గార్డుతో పెళ్ళి సంబంధం మాట్లాడుతుంటే, ఆ మాటలయ్యేదాకా బండి ఆగింది. నాకు తప్ప ఎవరికీ కోపం రాలేదు. కోతలు అయిపోయి, ఎటు చూసినా కుప్పలు. అంత ధాన్యం ఒక్కచోట చూడటం ఓబులేసుకి అదే మొదలు. కిటికీలోంచి కన్ను తిప్పలేదు.

ఎదురుగా కూర్చున్న రైతు పలకరించాడు. "మీ వైపు ఏం పండుద్దండి?"

"చెనిక్కాయలు" అన్నాను.

"అంటే ఏంటండి?"

"వేరుశనక్కాయలు."

"ఓస్, అవా! మరి అన్నం?" అన్నాడు, నిజంగానే జాలిపడి. తర్వాత ఓబులేసు బూట్లు చూసి, "ఈ బాబు మిలిటరీయా?" అన్నాడు. నేను అవునన్నాను. ఆ మనిషి మొహం వెలిగిపోయింది. ముందుకు జరిగి వాడి తొడ మీద చెయ్యేసి, "చైనా వాళ్ళతో కొట్టాడావా బాబూ? ఎంతమందిని చంపావేంటి?" అన్నాడు.

ఓబులేసు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

అందరూ ఇదే అడుగుతారు. మా ఊళ్ళోనూ ఇదే అడిగారు. ఎన్నాళ్ళు తిండి లేకుండా ఉన్నావు, తుపాకీలో గుళ్ళు ఎప్పుడు అయిపోయాయి, రాత్రిపూట ఏం కప్పుకున్నావు అని ఒక్కడంటే ఒక్కడు అడగడు. ఆ రైతు మంచివాడే, దిగేటప్పుడు మాకు అరటిపళ్ళు ఇచ్చి మరీ దిగాడు. నేను తినలేదు.

రేపల్లె

రేపల్లెలో నాటకం పందిట్లో. సుబ్బారాయుడు మాట నిలబెట్టుకున్నాడు. పడమటి ద్వారం, నీలం బట్టలు, అన్నీ నేను రాసినట్టే. ఒక్క కిరీటం దగ్గర కొంప మునిగింది. వాళ్ళది పౌరాణికాలు ఆడే సమాజం. మంచూ చక్రవర్తికి వాళ్ళ దగ్గర ఉన్న కిరీటం శ్రీకృష్ణుడిది. నెమలిపింఛం తీసేశారు గాని, దాని గుంట అలాగే ఉంది. మొహానికి నీలం రంగు ఒక్కటే తక్కువ.

రాజు వచ్చి మోకరిల్లాడు. మా ముందు వరసలో ఒక ముసలావిడ చటుక్కున చేతులు జోడించింది. రాజు నుదురు నేలకానించాడు. ఆమె పక్కనున్నవాళ్ళూ జోడించారు. "ఎంత భక్తి చూడండి మహానుభావుడిది!" అన్నాడు ఒక పెద్దమనిషి. నా తల తిరిగిపోయింది. మనవాళ్ళకి సాష్టాంగం అంటే దేవుడి ముందు పడటమే. పగవాడు మెడలు వంచితే పడటం వేరే ఉంటుందని ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. నాటకంలో ఒక్క ముక్క రాసి ఉండాల్సింది, రాయలేదు.

తొమ్మిది దండాలూ అయ్యాక వీరాస్వామి అలాగే నేలమీదే ఉండి పద్యం ఎత్తుకున్నాడు. నా పద్యమే, అయినా చెబుతున్నాను, అద్భుతంగా పాడాడు. పందిరి ఊగిపోయింది.

"వన్స్ మోర్!"

పద్యం ఒక్కటే మళ్ళీ పాడితే సరిపోయేది. పాతకాలపు నటుడు, పద్ధతి తప్పడు. లేచి, వెనక్కి నడిచి, పడమటి ద్వారం దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ మోకాళ్ళు. మళ్ళీ నుదురు నేలకి. ఈసారి జనం లెక్కపెట్టడం అందుకున్నారు. "ఒకటీ! రెండూ! మూడూ!" చప్పట్లు కొడుతూ, పిల్లా పెద్దా అందరూ, జాతరలో దొమ్మరాటకి లెక్కపెట్టినట్టు.

ఓబులేసు నా వైపు తిరిగాడు. మొహం పాలిపోయి ఉంది. "నన్ను గూడా ఇంగొగతూరి చేతులెత్తమంటారేమోన్నా" అన్నాడు.

ఇక నేను మనిషిని కాను. ఆపండి, ఆపండి అని అరుస్తూ, జనం "తొమ్మిదీ!" అంటుండగా స్టేజి మీదికి ఉరికాను. పందిరి తాడు కాలికి తగిలింది. ధబ్బున బోర్లాపడ్డాను, సరిగ్గా సుబ్బారాయుడి గద్దె ముందు. చేతులు రెండూ ముందుకు చాచి, నుదురు బల్లకి కొట్టుకుని.

"పది!" అని పందిరంతా ఒక్క గొంతుతో అరిచింది.

చెరుకుపల్లి

మర్నాడు పొద్దున్నే పెట్టె సర్దాను. బాపట్ల వద్దు, ఏమీ వద్దు, ఇంటికి పోదాం పద అన్నాను. అప్పుడు వీరాస్వామి వచ్చాడు. వేషం లేకుండా చూస్తే చెంపలు లోపలికి పోయిన మామూలు ముసలాయన.

"తప్పు నాదే మాస్టారూ. జనం అడిగితే లేవకుండా ఉండలేనండి. ఇన్నేళ్ళ అలవాటు. కాని మీరంత ఇదవడం ఏంటి? నాటకమే కదా" అన్నాడు.

నాటకం కాదన్నాను. ఓబులేసు పళ్ళు తోముకోవడానికి బయటికి వెళ్ళినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన మంచం మీద కూలబడ్డాడు.

"ముందే చెప్పొద్దా సార్?" అన్నాడు. నేను పెట్టె మూత మూశాను. చివరికి, "బాపట్లకి రండి. ఒక్కసారి రండి. ఈసారి ఎవరడిగినా లేవను" అన్నాడు.

బస్సులో చెరుకుపల్లి మీదుగా బయల్దేరాం. చెరుకుపల్లి దాటకముందే టైరు పంక్చరైంది. స్టెప్నీ టైరు అంతకు ముందే పంక్చరై ఉంది. దాన్ని అలాగే మోసుకుతిరుగుతున్నారట! నేను డ్రైవరుతో పోట్లాడాను. కండక్టరుతో పోట్లాడాను. ఏమీ తోచక పాక హోటల్లో పెసరట్టు తిన్నాను. పెసరట్టు మాత్రం బాగుంది, అల్లం పచ్చడి ఇంకా బాగుంది. అది ఒప్పుకోకపోతే కళ్ళు పోతాయి.

తిరిగొచ్చేసరికి వీరాస్వామీ ఓబులేసూ కాలవ గట్టుమీద కూర్చుని ఉన్నారు. నేను వెనకే ఆగిపోయాను.

"బాబూ, నేను ఎన్నో వేషాలు వేశాను గాని ఇది నాకు అందడంలా" అంటున్నాడు వీరాస్వామి. "తల నేలకి ఆనించబోయేముందు మనిషి ఎటు చూస్తాడు? ఆకాశం వంకా? శత్రువు మొహం వంకా?"

ఓబులేసు గట్టుమీది మట్టిపెళ్ళ ఒకటి తీసి నీళ్ళలో వేశాడు.

"మొగం యాడ చూస్తాడు సార్. చూడలేడు. ముందర నిలబడినోని బూట్లు అగపడతాయి. వాటికి యంత మన్ను అంటిందో, లేసు యాడ తెగిందో, అదే చూస్తా ఉంటాడు. ఇంకేమీ గ్యాపకం రాదు."

వాడు ఇంటికొచ్చాక ఆ సంగతి మాట్లాడటం అదే మొదటిసారి. నాతో కాదు, అమ్మతో కాదు, మొన్నటిదాకా ముక్కూమొహం తెలియని ఒక నాటకాలాయనతో. వీరాస్వామి ఓదార్చలేదు. తల ఊపి, "బూట్లు" అని ఒకసారి తనలో తాను అనుకున్నాడు.

బాపట్ల, సూర్యలంక

బాపట్లలో మాకు ఇస్తానన్న హాలు పెళ్ళివాళ్ళకి ఇచ్చేశారు. సుబ్బారాయుడు ఎవరెవర్నో పట్టుకుని, సముద్రం ఒడ్డున సూర్యలంకలో జాలరిపేటవాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళు తెల్లారకముందే వేటకి పోవాలి గనక పొద్దుండగానే ఆడమన్నారు. తెరలు లేవు, లైట్లు లేవు, ఇసుకలోనే ఆట. పగటి వెలుగులో జరీ అట్టముక్కల్లా, పెట్టుడు గడ్డాలు కొబ్బరిపీచుల్లా కనిపించాయి. గద్దె ఇసుకలో నిలబడదని ఒక పడవని బోర్లించి సుబ్బారాయుణ్ణి దానిమీద కూర్చోబెట్టారు. కృష్ణుడి కిరీటం నేనే లాగి పక్కన పెట్టాను. తలకి తువ్వాలు చుట్టించి, కాళ్ళకి ఆయన తోలుబూట్లే వేయించాను. అంతకు ముందు జనం ఎదురుగా నిలబడి, "అమ్మా, అయ్యా, ఆ పైనున్నవాడు దేవుడు కాదు. ఊరిమీద పడ్డవాడు" అని రెండు ముక్కలు చెప్పాను.

జాలరివాడ మొత్తం వచ్చి కూర్చుంది. ఓబులేసు అందరికన్నా వెనకాల, వలల కుప్ప పక్కన చేరాడు.

వీరాస్వామి నీలం బట్టల్లో నడిచొచ్చాడు. చక్రవర్తి మొహం వంక చూడలేదు. బూట్ల వంక చూశాడు. కుడి బూటుకి లేసు ఊడి ఉంది. దాన్నే చూస్తూ, చూస్తూ మోకాళ్ళమీద కూలాడు. నుదురు ఇసుకకి ఆనింది. ఒకటి. లేచినప్పుడు మళ్ళీ ఆ లేసు వంకే చూశాడు. మూడు అయ్యేసరికి చెమటకి నుదుటి కుంకుమ కరిగి ముక్కు మీదికి కారింది. దానిమీద ఇసుక అంటింది. ఎండలో అది అచ్చం నెత్తురే. పద్యం లేదు, హార్మోనియం కూడా ఆగిపోయింది. అలల చప్పుడు ఒక్కటే. నాలుగు. అయిదు. ఆరు.

"ఏంట్రా నీకు?"

ముందువరసలోంచి ఒకావిడ లేచింది. పేరు కాశమ్మ అని తర్వాత తెలిసింది. చేపల గంప మోసి మోసి మెడ బిగిసిన మనిషి. కొంగు బిగించి తిన్నగా పడవ దగ్గరికి నడిచింది.

"నిన్నేరా, పడవెక్కినోడా! వంగినోణ్ణి ఇంకా వంగమంటన్నావేంటి? నెత్తురు కారతంది కనపళ్ళా? కళ్ళా, గవ్వలా అయ్యి?"

సుబ్బారాయుడు బిత్తరపోయాడు. నటుడు కదా, ముందు నోట్లోంచి నాటకం భాషే వచ్చింది. "ఓసీ వృద్ధనారీ..."

"వృద్ధనారి నీ అమ్మ! దిగు ముందు, అది మా పడవ!"

"నాటకం అమ్మా! నాటకం! అది కుంకుమ!" అని ఆయన పడవ అవతలికి జారాడు.

"నాటకమైతే మాత్రం ఎన్నిసార్లురా? నాటకమని కనికరం ఉండదా?" అంది. ఇసుకలో ఉన్న వీరాస్వామి రెక్క పట్టుకుని లేపింది. "లే అయ్యా, లే. చాల్లే వంగింది." వెనక్కి తిరిగి ఒక కేక పెడితే ఎవరో చెంబుతో నీళ్ళు అందించారు. ఆయన్ని పడవ అంచున కూర్చోబెట్టి మొహం కడిగింది, కాళ్ళమీద పోసింది. పోస్తూ జనం వంక చూసి కసిరింది. "అందరూ చూత్తా కూకున్నారేంటర్రా? గాలివాన్లో పడవ పోయి వలలు పోయి ఒట్టి చేతుల్తో వచ్చిన మొగోణ్ణి మనం ఎట్టా వచ్చావని అడుగుతామా? వచ్చినోడికి ముందు నీళ్ళు!"

ఆ రోజు ఎవరూ వన్స్ మోర్ అనలేదు. జోసన్ రాజు దండాలు ఆరు దగ్గరే ఆగిపోయాయి. తెనాలిలో ముగింపు మార్చారని తెర వెనక వీరంగం వేసిన నేను ఇక్కడ నోరెత్తలేదు. రాసినవాణ్ణి నేనే అయినా, ఆ మిగతా మూడూ పెట్టమని ఆవిడతో చెప్పే దమ్ము నాకెక్కడిది?

వెనకనుంచి ఓబులేసు వచ్చాడు. జనం మధ్యలోంచి, బూట్లు ఇసుకలో దిగబడుతుంటే, నిటారుగా నడిచొచ్చి కాశమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నాకు గూడా రవ్వన్ని నీళ్ళు పోస్తావా?"

ఆవిడ ఎగాదిగా చూసింది. "నువ్వెవరయ్యా? నీదేం వేషం?"

"వేషం కాదమ్మా. నేను నిజంగానే వంగొచ్చినా."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. చెంబు నింపుకురమ్మని చెప్పి, పక్కకి జరిగి చోటు చూపించింది. వాడు వీరాస్వామి పక్కన పడవ అంచున కూర్చుని లేసులు విప్పాడు. ముందు ఒకటి, తర్వాత రెండోది. మేజోళ్ళు తీశాడు. ఆ కాళ్ళు నేను చూశాను. రెండు వేళ్ళు కాదు. అమ్మకి అబద్ధం చెప్పాడు. ఎడమ కాలికి బొటనవేలు తప్ప మరేం లేదు.

కాశమ్మ నీళ్ళు పోస్తూ, "ఎక్కడ పోయినయ్యయ్యా?" అంది.

"మంచులో పొయినాయమ్మా."

ఆవిడ చెయ్యి ఆగింది. సముద్రం తప్ప వేరే లోకం చూడని మనిషి. ఆవిడకి తెలిసిన మంచు తెల్లవారుజామున తాటాకుల మీద పడేదే. "మంచా? మంచు కొరుకుద్దా?" అంది కళ్ళు పెద్దవి చేసి. "అయితే అది మంచి మంచు కాదు నాయనా. మా మంచు ముడితే చలే గాని పళ్ళుండవు."

ఓబులేసు నవ్వాడు. ముందు ముక్కుతో, తర్వాత భుజాలు ఊగేలాగా. ఆ నవ్వు చివర్న ఏడుపు ఉంది. నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.

మా ఊరు

మా ఊళ్ళో బస్సు దిగాం. బూట్లు వాడి చేతిలో ఉన్నాయి. ఒట్టి కాళ్ళతోనే టీ అంగడి ముందునుంచి నడిచాడు. అక్కడున్న పెద్దమనుషులు మారలేదు, ఎందుకు మారతారు. అందులో ఒకడు కాళ్ళ వంక చూడకుండానే, "ఏమి ఓబులేసా, తెనాలిలో గూడా చేతులెత్తినావా?" అన్నాడు.

వాడు ఆగాడు. "లేదన్నా. కాళ్ళు కడిగించుకోనొచ్చినా" అని, తొందరేమీ లేకుండా ఇంటివైపు నడిచాడు. అప్పుడు చూశారు కాళ్ళు. టీ గ్లాసులు ఎక్కడివక్కడే ఆగాయి.

డెల్టా ఎట్లుండాది, నీళ్ళు అంతా ఇంతానా అని ఇప్పుడు అందరూ నన్ను అడుగుతున్నారు. అవును, అంతా ఇంతా కాదు. కాలవల నిండా ఉన్నాయి. వాడు యుద్ధం నుంచి దిగిన రోజు ఈ ఊళ్ళో ఒక్క గడప ముందైనా చెంబు బయటికి రాలేదు. అప్పుడు బావి ఎండిపోయి ఉందని నాకు సాకులు చెప్పొద్దు. కాశమ్మ పోసింది ఒక్క చెంబు. అదీ ఉప్పునీళ్ళే.